గేసిర్ ఒప్పుకోని పెళ్ళి

మా పెళ్ళికి పాస్టరుగారు ఒప్పుకున్నారు, మా నాన్న ఒప్పుకున్నాడు, చాలా రోజులు మొహం ముడుచుకుని తిరిగినా చివరికి మా అత్తగారు కూడా ఒప్పుకుంది. గేసిర్ మాత్రం ఒప్పుకోలేదు. ఈ మాట నా భర్త కేతిల్ పెళ్ళయిన మర్నాటి నుంచీ అంటూనే ఉన్నాడు.

ఆ మర్నాడు చెరో గుర్రం ఎక్కి, నది దాటి గేసిర్ అనే వేడినీళ్ళ ఊట దగ్గరికి వెళ్ళాం. మా తాతల కాలంలో ఆ వేడినీళ్ళు భూమిలోంచి చర్చి గోపురం కంటే ఎన్నో రెట్లు ఎత్తుకు ఎగజిమ్మేవట. మా చిన్నతనానికే అది నిద్రలో పడింది. అయినా కొత్త దంపతులు కదా, మన మొహం చూసి లేస్తుందేమోనని సరదాగా అనుకుని వెళ్ళాం. రోజంతా అంచున కూర్చున్నాం. పెద్ద పళ్ళెంలాంటి రాతి గుంట, దాని నిండా పొగలు కక్కే నీళ్ళు, అంతే. సాయంత్రం అవుతుండగా కేతిల్ టోపీ తీసి గుంట వైపు వంగాడు.

"అయ్యా, నా పేరు కేతిల్. ఈవిడ నా భార్య హల్లా. నిన్ననే పెళ్ళయింది. ఒక్కసారి లేచి చూసి మళ్ళీ పడుకోండి."

ఒకే ఒక్క బుడగ పైకి వచ్చింది. అది కూడా ఆవలింతలా వచ్చింది.

ఇక అప్పటినుంచీ ఇంట్లో ఏం జరిగినా అదే మాట. రొట్టె మాడితే, "చూశావా, ఊరికేనా గేసిర్ ఒప్పుకోనిది!" ఆవు పాలకుండ తన్నేస్తే, "ఆయనకి ముందే తెలుసు." నవ్వుతూనే అంటాడు, నేనూ నవ్వుతాను. కాని మా వంటింటి కిటికీలోంచి, ఆకాశం తేటగా ఉన్న రోజున, నది అవతల కొండ కింద ఆ ఆవిరి తెల్లగా కనిపిస్తుంది. గిన్నెలు కడుగుతూ దాన్ని చూసినప్పుడల్లా నా మనసులో చిన్న ముల్లు గుచ్చుకునేది. రెండుపూటలా ప్రార్థన చేసుకునేదాన్ని, వేడినీళ్ళ గుంట ఆశీర్వాదంతో నాకేం పని అని నన్ను నేనే అడిగేదాన్ని. జవాబు దొరికేది కాదు. ముల్లూ పోయేది కాదు.

అలా ఏళ్ళు గడిచాక, ఒక వేసవిలో గేసిర్ లేచిందన్న కబురు వచ్చింది. ఎవరో తెలివైనవాళ్ళు గుంట అంచున కాలవ చెక్కి నీళ్ళు కొంచెం తీసేశారట. పైన సబ్బు తురిమి పోస్తే లోపల నురగ కట్టి, ఒక్కసారిగా తన్నుకుని లేస్తోందట. రాబోయే ఆదివారం మధ్యాహ్నం అందరూ చూసేలా సబ్బు వేస్తున్నామని రేడియోలో చెప్పారు. నేను పాలు వడగడుతున్నదాన్ని, గుడ్డ వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను.

"కేతిల్! ఆదివారం లేపుతున్నారట!"

"ఎవర్ని?"

"ఇంకెవర్ని? ఆయన్నే!"

కేతిల్ గుర్రం గిట్ట వదిలి తలెత్తాడు. "సబ్బు పోసి లేపడం ఏంటి? అది లేవడం కాదే, వాంతి చేసుకోవడం. అలా ఒప్పించిన పెళ్ళి నాకొద్దు."

"నాక్కావాలి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కేతిల్ గిట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"సరే. వెళ్దాం. మళ్ళీ పడుకునే ఉంటే మాత్రం ఈసారి నువ్వే మాట్లాడు."

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఆదివారం ఆరాధన మాని ఊరంతా కలిసి వెళ్ళేందుకు పాస్టరు ఈస్లేఫ్‌గారే ముందు నిలబడ్డారు. ప్రకృతి కూడా దేవుడి ప్రసంగమే అన్నారు. పాలు తీసుకెళ్ళే లారీలో క్యాన్లు దింపేసి బల్లలు వేయడానికి డ్రైవరు గ్రీముర్ ఒప్పుకున్నాడు. నేను కొవ్వులో క్లేనుర్ అనే తీపి పిండి మెలికలు వేయించాను. పొగబెట్టిన గొర్రె మాంసం కోసి, పల్చని రై రొట్టెల మధ్య పెట్టాను. కాఫీ పోయడానికి సీసాలు కడిగి, అవి చల్లారకుండా తొడగడానికి ఉన్ని మేజోళ్ళు వెతికాను. మా అమ్మాయి సాల్వర్ పదకొండేళ్ళది, తన మేజోళ్ళు కూడా తెచ్చి ఇచ్చింది, రోజూ ఒకసారి సీసాకి తొడిగి చూసుకుంది.

కేతిల్ మేనత్త ఓద్నీ మాత్రం పొయ్యి పక్కన ఊలు వడుకుతూ మమ్మల్ని చూసి నవ్వేది.

"నా కాఫీ గిన్నె రోజూ పొంగుతుంది. చూడ్డానికి ఎవడైనా లారీ కట్టుకుని వచ్చాడా?"

"నీ గిన్నె కొండంత ఎత్తు లేస్తుందా అత్తా?"

"లేస్తే తుడవాల్సింది నేనేగా! నేను రాను. నా మోకాలు రానివ్వదు."

శుక్రవారం చర్చి దగ్గర పాస్టరుగారు కనిపిస్తే, చాలా రోజులుగా నలుగుతున్న మాట అడిగేశాను. "పాస్టరుగారూ, దేవుడు నిద్రపుచ్చినదాన్ని మనం సబ్బు పోసి లేపొచ్చాండీ?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "హల్లా, నా ప్రసంగంలో నిద్రపోయేవాళ్ళని ఎలా లేపాలా అని ఇన్నేళ్ళుగా కొట్టుకు చస్తున్నాను. సబ్బు సంగతి నాకు తట్టనే లేదు." తర్వాత, "నాకూ తెలీదమ్మా. చూసొచ్చాక ఇద్దరం ఆలోచిద్దాం," అన్నారు.

అన్నీ కుదిరాయి, ఒక్క వాన తప్ప. ఆ వేసవంతా మాకు వానే. కోసిన గడ్డి పొలంలో పరిచింది పరిచినట్టే తడుస్తూ, నల్లబడుతూ ఉంది. అది ఎండి కొట్టంలోకి చేరకపోతే చలికాలంలో ఆవుల్ని కొట్టుకు తినాల్సిందే. అందుకని నేను ఆదివారం ఎండ కాయాలని ప్రార్థించాను, గేసిర్ కోసం. కేతిల్ ఏ రోజైనా సరే ఎండ కాయాలని ప్రార్థించాడు, గడ్డి కోసం. ఇద్దరం ఒకే మంచం పక్కన మోకరించి ఒకే ఎండ అడిగాం. ఆ రెండూ ఢీకొంటాయని నాకు తట్టలేదు.

శనివారం గ్రీముర్ పాల కోసం వచ్చినప్పుడు లారీలో కొత్త చెక్కపెట్టెలు కనిపించాయి. మూత సందులోంచి సబ్బు వాసన ఘుమ్మంది.

"ఇవన్నీ ఆయనకే," అన్నాడు గ్రీముర్. "గేసిర్ దగ్గరి వాళ్ళు సహకార సంఘం కొట్లో కొన్నారు. ఎలాగూ రేపు వెళ్తున్నావు కదా, నువ్వే పట్రా అన్నారు. బల్లల కింద పెట్టేస్తా. ఆడవాళ్ళ గౌన్లకి మంచి వాసన వస్తుంది."

సాల్వర్ పెట్టె మీద చెయ్యి పెట్టి, "ఆయన స్నానం చేసి వస్తాడన్నమాట!" అంది. ఆ సాయంత్రమే వాన ఆగింది. గాలి ఉత్తరానికి తిరిగింది.

ఆదివారం కళ్ళు తెరిచేసరికి గది నిండా ఎండ! ఒళ్ళు తెలియలేదు. పండగ గౌను తొడుక్కుని, కుచ్చుల టోపీ పెట్టుకుని బయటికి పరుగెత్తాను. ఎప్పుడూ మబ్బు కప్పుకుని ఉండే కొండలన్నీ అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. నది అవతల ఆవిరి నిటారుగా లేస్తోంది. ప్రభువా, నీకు వందనాలు అన్నాను పైకే.

అప్పుడు కేతిల్‌ని చూశాను. పొలం మధ్య గుప్పెడు గడ్డి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆకాశం వైపు కాదు, నా వైపు చూస్తున్నాడు.

నాకు అర్థమైంది. అయినా దగ్గరికి వెళ్ళి, "ఎండ వచ్చింది," అన్నాను.

"వచ్చింది."

"నువ్వు రావు."

"సాయంత్రానికి గాలి మళ్ళీ దక్షిణానికి తిరిగి వాన పడుతుందట, రేడియోలో చెప్పారు. అత్త మోకాలు కూడా అదే చెప్తోంది. ఇవాళ తిరగేసి కుప్ప పెట్టకపోతే ఇది గడ్డి కాదు హల్లా, పెంట. నువ్వూ అమ్మాయీ వెళ్ళండి. నేనూ అత్తా చేసినంత చేస్తాం."

"ఇంత పొలం మీ ఇద్దరా? అత్త మోకాలితోనా?"

"వెళ్ళవే! ఇన్నాళ్ళు ఎదురుచూశావు. వచ్చి చెప్పు, నేను వింటాను."

నేను ఒక్కదాన్నే వెళ్ళి చూస్తే ఏం చూసినట్టు? ఆరోజు అక్కడ నిలబడి అడిగింది ఇద్దరం. జవాబు ఒక్కదానికే ఎందుకు?

ఇంతలో దూరంగా పాట వినిపించింది. కీర్తన పాడుకుంటూ లారీ నిండా జనం వస్తున్నారు. రంగురంగుల రుమాళ్ళు ఎగురుతున్నాయి. మా గేటు దగ్గర ఆపి గ్రీముర్ హారను మోగించాడు.

"హల్లా! ఎక్కు! ఆయన లేచి కూచున్నాడట, నీకోసమే అడుగుతున్నాడు!"

అందరూ నవ్వారు. నేను గేటు దాకా వెళ్ళి, కాఫీ సీసాల బుట్ట పైకి అందించాను. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"మీరు వెళ్ళండి. మాకు గడ్డి ఉంది."

లారీలో పాట ఆగింది. పాస్టరుగారి భార్య స్టేనున్ బల్ల మీంచి తొంగిచూసింది. "అదేంటే? ఊరంతటికీ ఉబలాటం అంటించింది నువ్వు! నువ్వు రాకపోవడమేంటి?"

"కేతిల్ ఒక్కడే ఎత్తలేడు స్టేనున్. మేం మీలాగ కాదు, మా పొలం పల్లం. మీది మెరక, పోయినవారం కాస్త తెరిపిచ్చినప్పుడే మీ గడ్డి చేరింది." తర్వాత పాస్టరుగారి వైపు తిరిగి, ఆగలేక అడిగాను. "మా నాన్న ఆదివారం పూట గడ్డి లాగే పళ్ళకర్ర ముట్టుకునేవాడు కాదు. కళ్ళముందు గడ్డి కుళ్ళిపోతున్నా సరే. నేనిప్పుడు ముట్టుకుంటే తప్పాండీ?"

పాస్టరుగారు ఎండని చూశారు, పొలాన్ని చూశారు, పొలం మధ్య ఒంటరిగా వంగి ఉన్న కేతిల్‌ని చూశారు. కోటు విప్పి మడిచి బల్ల మీద పెట్టారు.

"మీ నాన్నగారు పై లోకంలో కనిపిస్తే ఆయనతో నేను మాట్లాడుకుంటాలే. ఇంట్లో పళ్ళకర్రలు ఎన్ని ఉన్నాయి?"

"వద్దండీ! మీకు ఆలస్యమైపోతుంది! మధ్యాహ్నానికి సబ్బు వేసేస్తారు!"

"వేస్తే వెయ్యనీ," అంటూ స్టేనున్ అప్పటికే గౌను కుచ్చిళ్ళు నడుములో దోపి కిందికి దూకింది. "మొగుడి ప్రసంగాలు కూర్చుని విని విని ఉన్నాను. ఒక రోజు ఒళ్ళు వంచితే నష్టమేం లేదు."

ఒకరి తర్వాత ఒకరు దూకారు. గ్రీముర్ ఇంజను ఆపి, "నాకు క్యాన్లు మొయ్యడమే వచ్చు, పళ్ళకర్ర ఏ చివర పట్టుకోవాలి?" అంటూ వచ్చాడు. పళ్ళకర్రలు చాలక పక్క ఇంటి నుంచి తెప్పించాం. అవీ చాలక కొందరు చేతుల్తోనే తిప్పారు. కేతిల్ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాడు.

"ఏంటయ్యా అలా గుడ్లప్పగిస్తావ్? పని చెప్పు!" అంది స్టేనున్.

అలాంటి గడ్డిపని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. తెల్ల చొక్కాలు, పట్టు కండువాలు, కుచ్చుల టోపీలు, వరసగా నిలబడి కీర్తన పాడుతూ గడ్డి తిరగేశారు. ఉత్తరపు గాలి దాన్ని ఎగరేస్తూ ఆరబెట్టింది. మధ్యలో ఆగి మేజోళ్ళు తొడిగిన సీసాల్లోంచి కాఫీ తాగాం, గేసిర్ దగ్గర తినాల్సిన రొట్టెలు పొలంలో తిన్నాం. గడ్డి గలగలలాడుతూ ఉంటే ఒక్కో కుప్పా పెట్టి, పైన పట్టాలు కప్పి రాళ్ళు కట్టాం. చివరి కుప్ప మీద రాయి కట్టి తలెత్తేసరికి, సూర్యుడు పడమటికి బాగా వాలాడు.

సబ్బు వేసే వేళ ఎప్పుడో దాటిపోయింది. అందరి మొహాలూ ఎర్రగా, జుట్టు నిండా గడ్డిపరకలు. నాకు వాళ్ళని చూస్తే ఏడుపొచ్చింది. అంతమంది ఇంత ఆశపడి బయల్దేరారు, నావల్ల అంతా పోయింది.

"పోనీ వెళ్దాం," అన్నాను. "అది పడుకున్నా సరే. తడిసిన రాళ్ళయినా చూసొద్దాం. కేతిల్, ఇప్పుడైతే నువ్వు రావాలి."

"వస్తాను," అన్నాడు కేతిల్.

"నేనూ వస్తాను," అంది గుమ్మంలోంచి ఓద్నీ అత్త. చూస్తే నల్ల టోపీ, నల్ల శాలువా, చేతి సంచీ, అన్నీ సిద్ధం.

"మోకాలు?" అన్నాను.

"దాన్నీ తీసుకొస్తా. దానికీ సరదాలుంటాయి."

లారీ బయల్దేరింది. నది వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒకాయన గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చి, లారీకి అడ్డంగా ఆపాడు. గుర్రం నోట నురగ కక్కుతోంది.

"ఎక్కడ చచ్చారయ్యా మీరంతా!" అని అరిచి, పాస్టరుగారిని చూసి టోపీ తీశాడు. "క్షమించండి పాస్టరుగారూ. ఎక్కడ... ఎక్కడ ఉండిపోయారు?"

"గడ్డి ఎత్తాం. ఏం, గేసిర్ బాగా లేచిందా?" అన్నారు పాస్టరుగారు.

"లేవడమా? రాజధాని నుంచి బస్సుల నిండా జనం. బాకాలు ఊదేవాళ్ళు కూడా వచ్చారు. పొద్దుటినుంచీ గుంట చుట్టూ చలిగాలిలో నిలబడి ఉన్నారు. వాయించిందే వాయిస్తున్నారు. ఎలా లేస్తుందండీ? సబ్బేదీ?"

నెమ్మదిగా అందరి తలలూ గ్రీముర్ వైపు తిరిగాయి. గ్రీముర్ చెయ్యి నోటికి వెళ్ళింది. సాల్వర్ తను కూర్చున్న దుప్పటి ఎత్తింది. కింద చెక్కపెట్టె. సబ్బు వాసన ఘుమ్మని లేచింది.

"ఒరే నాయనా," అన్నాడు గ్రీముర్. "పళ్ళకర్ర పట్టుకున్నాక మర్చేపోయాను!"

ముందు నవ్వింది ఓద్నీ అత్త. తర్వాత ఇక ఆగలేదు. పాస్టరుగారు బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వారు. గుర్రం మీదాయన ఒక్కడే నవ్వలేదు. "తోలండి బాబూ, తోలండి!" అని మొత్తుకున్నాడు. లారీ ఆ మట్టిరోడ్డు మీద ఎన్నడూ పోనంత వేగంగా పోయింది. మాకు బల్లల మీద నిలకడ లేదు, నా గుండెకి అసలే లేదు. గేసిర్ ఇంకా లేవలేదు! ఆగింది మాకోసం కాదు, సబ్బు కోసమే, నాకు తెలుసు. అయినా లేవలేదు!

గేసిర్ చుట్టూ నిజంగానే తిరణాలలా ఉంది. పెట్టెలు దింపుతుంటే అక్కడి పెద్దమనిషి ఎర్రబడిన మొహంతో వచ్చాడు. "ఇంతమందిని ఇంతసేపు నిలబెట్టారు! ఏం రాచకార్యం వచ్చింది మీకు?"

కేతిల్ ముందుకొచ్చాడు. "తప్పు మాదేనండీ. నా గడ్డి ఎత్తారు."

జనంలోంచి ఎవరో ముసలి రైతు అడిగాడు. "ఎండిందా?"

"ఎండింది."

"మొత్తమా?"

"మొత్తం. కుప్పలు పెట్టి కప్పేశాం."

ఆ ముసలాయన తలూపాడు. ఆయన పక్కన ఉన్న రైతులూ ఒకరి తర్వాత ఒకరు తలూపారు. పెద్దమనిషి వాళ్ళ వైపు చూసి, ఇంకేదో అనబోయి మానేశాడు. పట్నంవాళ్ళు మాత్రం చాలాసేపు గొణుక్కుంటూనే ఉన్నారు. పాపం, వాళ్ళు ఏం చేశారని?

సబ్బు తురిమి గుంటలో పోశారు. నీళ్ళ మీద పాలమీగడలా నురగ తేలింది. ఎదురుచూశాం. కేతిల్ నా పక్కన నిలబడ్డాడు, మోచెయ్యికి మోచెయ్యి తగిలేలా. చాలాసేపు ఏమీ లేదు. దక్షిణాన మబ్బు పడుతోంది.

అప్పుడు అరికాళ్ళ కింద ఏదో తట్టింది. కింది గదిలోంచి ఎవరో తలుపు కొట్టినట్టు. మళ్ళీ తట్టింది. నేను కేతిల్ చెయ్యి పట్టుకున్నాను. గుంటలో నీళ్ళు నడుమ ఉబ్బి, గాజుగోళంలా పైకి లేచి, అంచులు దాటి పొర్లాయి. పడుకుంది. మళ్ళీ ఉబ్బింది. జనం వెనక్కి వెనక్కి జరిగారు. అంతే, నేల ఒక్కసారి ఊగి, నీళ్ళూ ఆవిరీ కలిసి తెల్లటి స్తంభమై ఆకాశంలోకి లేచాయి! ఇంకా పైకి! ఇంకా! ఒకదాన్ని తోసుకుంటూ ఇంకొకటి! ఆ హోరులో నేను అరుస్తున్నానని నాకే తెలియదు, గొంతు బొంగురు పోయాక తెలిసింది. సాల్వర్ గెంతుతోంది. పాస్టరుగారు టోపీ గాల్లోకి విసిరారు, మళ్ళీ దొరకలేదు. ఓద్నీ అత్త నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "నా గిన్నె ఇంతలా పొంగదే!"

పక్కకి చూస్తే కేతిల్ టోపీ చేత్తో పట్టుకుని, ఆ స్తంభం వైపు చూస్తూ ఏదో చెప్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. హోరులో ఒక్క ముక్క వినపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వాన మొదలైంది. అందరం ఒకే పట్టా కింద దూరాం. గడ్డి పట్టాల కిందే ఉందన్న ధైర్యంతో ఆ వాన చప్పుడు ఎంత తియ్యగా ఉందో! పాస్టరుగారు నా పక్కన కూర్చుని, "సబ్బు సంగతి ఆలోచించావా?" అని అడిగారు.

"ఆలోచించానండీ. నాకు ఇంకో అనుమానం కూడా వచ్చింది. మా గడ్డి కోసం దేవుడు ఆయన్ని ఆపాడా? ఆపితే, పట్నంవాళ్ళ ప్రార్థన ఏమైనట్టు? లేకపోతే గ్రీముర్ మతిమరుపేనా ఇదంతా?"

ఆయన తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నారు. "గ్రీముర్‌ని కూడా దేవుడే పుట్టించాడుగా," అన్నారు. అది జవాబో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంటికొచ్చి తడిబట్టలు ఆరేస్తూ అడిగాను. "ఏం చెప్పావు గేసిర్‌తో?"

"గడ్డి ఎండిందని చెప్పా."

"అంతేనా?"

"పెళ్ళి సంగతి కూడా అడిగాననుకో." కేతిల్ బూట్లు విప్పుకుంటూ తల వంచుకునే ఉన్నాడు. "ఆనాడే ఒప్పుకున్నాట్ట. సబ్బు లేక లేవలేకపోయాట్ట."

మర్నాడు పొద్దున, నిన్నటి సంబరం ఇంకా ఒంట్లోంచి దిగక, కిటికీలోంచి ఆవిరి కోసం వెతుకుతూ పొయ్యి మీద రొట్టె మర్చిపోయాను. నల్లగా మాడింది. తెచ్చి బల్ల మీద పెట్టాను. కేతిల్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నోరు తెరిచాడు. ఓద్నీ అత్త వడకడం ఆపి చెవి ఒగ్గింది.

కేతిల్ నోరు మూసుకుని, మాడిన అంచు కత్తితో గీకడం మొదలుపెట్టాడు.